అగ్గిపెట్టె మీది ఆడమనిషి

“అది ఎవుతో చెప్పేదాకా ఆ యమ్మని పోనీయొద్దు పాపా,” అంది బొమ్మక్క, మనవరాలు సంగవి చెయ్యి గట్టిగా పట్టుకుని.

ఎదురుగా చాప మీద ఘానా దేశం నుంచి వచ్చిన అమా కూర్చుని, వేరుశెనగ మిఠాయి కొరుకుతూ నవ్వుతోంది. తమ దేశపు ఆడవాళ్ల కట్టూ సింగారాల మీద బొమ్మలు వేసే చిత్రకారిణి ఆమె. విరుదునగర్‌లో సంగవి కాలేజీకి ఉపన్యాసానికి వస్తే, “మా తాత గీసిన అగ్గిపెట్టె బొమ్మ మీ దేశానికే పోయేది” అని సంగవే నోరు జారింది. అమా సంచిలోంచి పాత లేబుల్ ఒకటి తీసి, “ఇదేనా?” అంది. అదే. ఇంకేముంది, ఇద్దరూ రైలెక్కి కోవిల్‌పట్టిలో దిగి, ఈ ఊరికి వచ్చారు.

తాత రామకృష్ణన్ అగ్గిపెట్టెల లేబుళ్లకు బొమ్మలు వేసేవాడు. పులి, తామర, రైలింజను, ఏదడిగితే అది. ఆఫ్రికాకు పోయే పెట్టెల కోసం ఒకసారి కంపెనీవాళ్లు ఒక నల్లని అందగత్తెను వేయమన్నారు. ఆ బొమ్మ ఏళ్ల తరబడి ఓడలెక్కింది. బొమ్మక్క మాత్రం ఆ పెట్టెతో ఒక్కనాడూ పొయ్యి వెలిగించలేదు. ఇంట్లో పెట్టెలు కుప్పగా పడి ఉన్నా, పక్కింటి పుష్పం దగ్గరికి వెళ్లి నిప్పు తెచ్చుకునేదట. సవతి చేతి నిప్పు తనకెందుకని.

“తాత ఆఫ్రికాకి పోనేలేదు గదవ్వా,” అంది సంగవి మెల్లగా.

“తూత్తుకుడి రేవుకి పోయినాడు గదా. ఆడ ఓడలో వచ్చినోళ్లు ఉండరా? వచ్చినంకనే దాని బొమ్మ తీసినాడు. నేను వాకిట్లో కూకుని పత్తి ఏరతా ఉండాను, నా మొగం ఎదురుగానే కూకుని దాన్ని తీస్తా ఉండాడు. ఒక సిగ్గా, ఒక బయమా.”

“నువ్వు అడగలేదా?”

“అడిగినా. నవ్వినాడు. నన్నొక తూరి తియ్యి అంటే, ఎదురుగా ఉండేదాన్ని ఏమిటికి తీసేది అన్నాడు. నా చెవులు బోసిగా ఉండాయి, దాని చెవికేమో అంత కమ్మ పెట్టినాడు.”

నల్లరేగడి చేల మీదుగా గాలి లోపలికి వచ్చింది. బొమ్మక్క కొంగును తల మీదికి లాక్కుని మెడ దగ్గర దోపుకుంది. సంగవికి ఊహ తెలిసినప్పటి నుంచీ అవ్వ అలాగే ఉంది. గాలి పడదంటుంది.

గోడ గూట్లో తాత కుంచెలు ఉన్నాయి. చిన్నప్పుడు సెలవులకు వస్తే, తాత ఆ కుంచెతో సంగవి అరచేతిలో పిచ్చుకను వేసేవాడు. రంగు ఆరేదాకా గుప్పిట ముయ్యకూడదు. అది చెరిగిపోతుందని అన్నం కూడా అవ్వే తినిపించేది. తాత పోయి ఏళ్లయినా బొమ్మక్క ఇప్పటికీ ఆ కుంచెలు కడిగి ఎండలో పెడుతుంది. ఇప్పుడు అమా ఏదో ఒక పేరు చెప్పిందంటే, ఆ కుంచెల గతి ఏమవుతుందో అని సంగవికి బెంగ పట్టుకుంది. ఎందుకు తీసుకొచ్చానురా భగవంతుడా అనుకుంది.

“ఏమంటున్నారు?” అని ఇంగ్లీషులో అడిగింది అమా.

ఇక దాచి లాభం లేదు. “ఆ బొమ్మలో ఉన్నది ఎవరో మీకు తెలుసా అంటోంది.”

అమా తెల్లబోయింది. “అది కనుక్కోవడానికే కదా నేను వచ్చింది.”

“మీ వైపు మనిషి కాదా?”

“ఆ పెట్టె వచ్చేదాకా మా ఊళ్లో తలగుడ్డ అలా కట్టినవాళ్లే లేరు. మా అమ్మమ్మ బజారులో బట్టలు అమ్మేది. పెట్టె మీది బొమ్మను చూసి సరదాగా కట్టుకుందట. ఆమెను చూసి బజారంతా కట్టారు. ఇప్పుడు మా ఊరి పెళ్లికూతుళ్లకు అదే సింగారం.”

ఫోనులో ఫొటోలు చూపించింది. అమ్మమ్మ, అమ్మ, చివరికి పెళ్లిబట్టల్లో అమా. అందరి తలలకూ ఒకే తీరు కట్టు.

సంగవి అంతా తెలుగులో చెప్పింది. బొమ్మక్క ఫొటోలను చాలాసేపు చూసి, “అళగుగానే ఉండారు,” అని వాళ్ల అందాన్ని ఒప్పుకుంది. తర్వాత మనవరాలి వైపు తిరిగింది. “ఈళ్ల మనిషీ గాకపోతే మరి ఎవుతె పాపా? కన్ను మూసేలోగా తెలుసుకోవాలని ఉండాది. మీ తాత ఎవుతెని మనసులో పెట్టుకుని పోయినాడో.”

ఆ మాటకు సంగవి కళ్లలో నీళ్లు తిరిగాయి. అమాకు మాట అర్థం కాకపోయినా బాధ అర్థమైనట్టుంది. సంచిలోంచి గుడ్డచుట్ట ఒకటి తీసి నేల మీద పరిచింది. ఆ లేబుల్ బొమ్మనే మనిషంత చేసి అచ్చు వేయించింది. గోరంత బొమ్మనే ఎన్నడూ సరిగా చూడని బొమ్మక్క, ఇప్పుడు తప్పించుకోలేక వంగి చూసింది.

“ఒక్కటి మాత్రం మాకు అంతుపట్టలేదు,” అంది అమా. “ఇంత అందమైన మనిషి ఒక చెవికే కమ్మ పెట్టుకుని, రెండో చెవిని గుడ్డతో ఎందుకు కప్పేసింది? కారణం తెలియకుండానే మా వాళ్లంతా అలా కప్పుకుంటున్నారు. మీ అవ్వకేమైనా తెలుసేమో అడుగు.”

సంగవి అడిగింది.

బొమ్మక్క ఆ బొమ్మలోని కమ్మను వేలితో తడిమింది. వేలు మెల్లగా నుదుటి మీదుగా అవతలి పక్కకు జరిగి, ఎడమ చెవి మీదికి దిగిన తలగుడ్డ మడత దగ్గర ఆగిపోయింది. గూట్లో ఉన్న కుంచెల వైపు ఒకసారి చూసింది. తర్వాత మనవరాలి ఎదుట మొట్టమొదటిసారి కొంగు తీసేసింది.

అవ్వ ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంది.