కడగని చేతులు

రెతాబిలే చెయ్యి చాపింది. ముసలాయన తన చేతులు కప్పుకున్న దుప్పట్లో దాచుకున్నాడు.

"ఏమనుకోకు బిడ్డా. ఇంకా చేతులు కడుక్కోలేదు."

గోళ్ల నిండా ఎర్రమన్ను.

లెసోతో కొండల నడుమ ఉన్న ఆ ఊరు అప్పటికే ఖాళీ అయింది. జనాన్ని గుట్ట మీది కొత్త ఇళ్లకు తరలించారు. ఇంకో అయిదు రోజుల్లో ఆనకట్ట తలుపులు దించేస్తారు. పట్నానికి తాగునీరు, ఊరికి జలసమాధి.

ఈలోగా ఊళ్లోని సమాధులన్నీ తవ్వి గుట్ట మీదికి చేర్చాలి. ప్రాజెక్టు వల్ల జరిగే నష్టాన్ని అంచనా కట్టి, వీలైనంత తగ్గించడమే రెతాబిలే ఉద్యోగం.

బంధువులు రాయించిన పేర్లు ముప్పై ఒకటి. కంటికి కనిపించే రాళ్లకుప్పలు పంతొమ్మిది. మిగతా పన్నెండుగురు ఎక్కడున్నారో బతికున్నవాళ్లకు గుర్తులేదు. దొరక్కపోతే నీళ్ల కిందే.

ఊళ్లో కుక్క కూడా మిగల్లేదు. పొగమంచులోంచి ఈయన ఎలా ఊడిపడ్డాడో.

పరిహారం వాసన పట్టి వచ్చిన ఘటమేమో అనుకుంది.

"మీది ఏ ఊరు, న్తాతే?" అని, పెద్దవాళ్లను పిలిచే పిలుపుతో మర్యాదగానే అడిగింది.

"ఇదే. ఇలా రా, పొద్దుపోతే సమాధులు కనపడవు."

పశువుల దొడ్డి గోడ పక్కన ఆగి, మడమతో నేలను తట్టాడు.

"ఇక్కడ సెలో. తూర్పుకు తిప్పి కూర్చోబెట్టాం. భుజాలు వెడల్పు కదా, గుంత చాల్లేదు. మళ్లీ తవ్వాల్సొచ్చింది."

చెప్పి నవ్వాడు. రెతాబిలే కూలీలను పిలిచింది.

కూలీలు తవ్వారు. సెలో అక్కడే, తూర్పుకు తిరిగి కూర్చుని ఉన్నాడు.

మధ్యాహ్నం మొక్కజొన్న సంకటి పెడితే ఆయన ముట్టలేదు.

"చేతులు కడుక్కోకుండా ఎలా తింటాను?"

"ఏట్లో బోలెడు నీళ్లున్నాయిగా."

"ఉత్త నీళ్లు పనికిరావు. కలబంద వెయ్యాలి."

ముసలాయనకు పట్టింపులు ఎక్కువే అనుకుంది.

సాయంత్రానికి పదకొండు దొరికాయి. ఒక్కటీ గురి తప్పలేదు. పన్నెండోది బూడిదగుట్టలో ఉంది.

"మాతుమెలో బిడ్డ. ఏడో రోజున పోయాడు. కుండలో పెట్టి ఇక్కడ దాచాం. మెల్లగా తవ్వమను."

కుండ పగలకుండా పైకొచ్చింది.

"ఇంకొకటి ఉంది," అన్నాడు ముసలాయన. "ఏటి అవతల, ఆ ఒంటిచెట్టు కింద."

"ఎవరిది?"

"ఒక పనివాడిది."

"బంధువులు?"

"లేరు. అందుకే అడుగుతున్నా."

పై అధికారి సెఖోబేకు ఫోన్ చేసింది.

"జాబితాలో ఉన్న ముప్పై ఒకటీ దొరికాయా లేదా?"

"దొరికాయి సార్. కానీ..."

"బంధువు సంతకం లేకుండా రాయి కదిపితే నా ఉద్యోగం పోతుంది. నీదీను."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈయన అడిగాడు కూడా.

"రేపు చూద్దాం, న్తాతే," అంది రెతాబిలే. ఆయన కళ్లలోకి చూడలేకపోయింది.

"వస్తే ఒక కలబంద ఆకు తీసుకురా బిడ్డా."

ఆ రాత్రి నివేదికలో 'మిగిలిన సమాధులు: లేవు' అని రాసింది. మర్నాడు వెళ్లలేదు. అయిదో రోజున నీళ్లు వచ్చేశాయి.

గుట్ట మీద ముప్పై ఒక్కరినీ మళ్లీ పూడ్చారు. గొర్రెను కోశారు. పూడ్చి వచ్చినవాళ్లు చావును ఇంట్లోకి తీసుకెళ్లకూడదని గుమ్మం ముందు తొట్టిలో కలబంద ముక్కలు వేసిన నీళ్లు పెట్టారు. అందరూ వరసగా చేతులు కడుక్కుంటున్నారు.

తొట్టి దగ్గర మాతుమెలో ఏడుస్తోంది. ఏడు రోజులు బతికిన ఆ బిడ్డ పేరు మీదే ఊరు ఆమెను నలభై ఏళ్లుగా పిలుస్తోంది.

"నా కొడుకును ఎలా కనిపెట్టావమ్మా? వాణ్ని ఎక్కడ పెట్టారో నాకే చెప్పలేదు."

"ఓ పెద్దాయన చూపించాడు. గోళ్లనిండా ఎర్రమన్ను. ఏటి అవతల ఒంటిచెట్టు కింద ఇంకొకటి ఉందన్నాడు. అది మాత్రం తియ్యలేకపోయాను." చెబుతుంటే రెతాబిలేకు సిగ్గేసింది.

నీళ్లలో ముసలామె చేతులు ఆగిపోయాయి.

"ఆ చెట్టు కింద ఉన్నది ఒక్కడే తల్లీ, లెఫా. ఊళ్లో గుంతలన్నీ తవ్వింది ఆయనే. ముసురు జ్వరాల ఏడాది మేమంతా మంచాన పడి ఉంటే, తనకు తవ్వేవాళ్లు లేరని ఏరు దాటి వెళ్లి, తన గుంత తానే తవ్వుకుని, చేతులైనా కడుక్కోకుండా అందులో పడుకున్నాడు."