పెద్దంచు చీరలు కొనుక్కుపోయినావిడ

ఆవిడ కొట్టు మెట్లెక్కితే చాలు, సత్యదుర్గకు ప్రాణం లేచొచ్చేది.

కొత్తపేట బస్టాండు దగ్గర సత్యదుర్గది చేనేత చీరల కొట్టు. మగ్గాలవాళ్లకు నూలు తనే ఇస్తుంది, వాళ్లు నేసి తెస్తే అమ్మిపెడుతుంది. చీర అమ్ముడైతేనే మళ్లీ నూలు. మామగారి కాలం నుంచీ అదే పద్ధతి.

ఇప్పుడు నేత చీర అడిగే నాథుడేడీ? ఓడల్లో దిగిన ఫారిన్ గుడ్డ తళతళలాడుతూ సగం ధరకే దొరుకుతుంటే జనం ఇటు తొంగిచూస్తారా?

అందులోనూ శ్రీరాములు చీరల సంగతి చెప్పనే అక్కర్లేదు. బండారులంకలో గుంట మగ్గం మీద నేసే పెద్దాయన. జానెడంచు, దిట్టమైన నేత. అంచు తగ్గించమని సత్యదుర్గ చెప్పీ చెప్పీ అలిసిపోయింది. ఆయన చేతికి వేరే నేత రాదు. నూలు ఆగితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే ఆ మనిషి ఉండడు. అది ఆమెకు తెలుసు.

ఆ పెద్దంచు చీరలు కొనేది లోకంలో ఆవిడ ఒక్కతే.

నెలనెలా వచ్చేది. బేరమాడదు, మడత విప్పదు. ఒకటో రెండో చంకలో పెట్టుకుని బస్సెక్కేస్తుంది. పేరడిగితే మాట దాటేసేది.

మీలాంటివాళ్లు ఊరికి నలుగురుంటే మా మగ్గాలు బతికిపోతాయని సత్యదుర్గ ఒకసారి అంటే, తల వంచుకుని “ఆయ్” అంది, అంతే.

శ్రీరాములు వచ్చినప్పుడల్లా ముందు అడిగే మాట ఒక్కటే.

“పోయిందాండీ?”

పోయిందండీ బాబాయిగారూ, మీ నేతంటే ప్రాణం పెట్టే మహాతల్లి ఒకావిడ ఉందని సత్యదుర్గ చెప్పేది. ఆ ముసలి మొహం వెలిగిపోయేది. నూలు మూట భుజానేసుకుని కుర్రాడిలా బస్సు వెనక పరిగెత్తేవాడు.

శ్రావణమాసం ముందు సత్యదుర్గ ఏదో పనిమీద అమలాపురం వెళ్లింది. గడియారస్తంభం దాటాక కొత్తగా తెరిచిన ఫారిన్ బట్టల షాపు ముందు ఆవిడే. ఒంటిమీద మిలమిలలాడే ఫారిన్ చీర. దారేపోయే ఆడవాళ్లను లోపలికి పిలుస్తోంది.

“నేత చీర దేనికండీ? గంజెట్టాలి, ఇస్త్రీ చెయ్యాలి. ఇదైతే జాడించి ఆరేస్తే చాలండీ. రండి.”

సత్యదుర్గకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అయితే కొన్నది కట్టుకోడానికి కాదన్నమాట. నమూనా పట్టుకెళ్లి అచ్చు కొట్టించడానికన్నమాట. షాపులో వేలాడే చీరల అంచులన్నీ శ్రీరాములు అంచుల్లాగే కనిపించాయి. కోపమొచ్చిన కళ్లకు అన్నీ అలాగే కనిపిస్తాయి. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఏడుపొచ్చింది. పలకరించకుండానే తిరుగు బస్సెక్కింది. కట్టుకున్నవాడు మోసం చేసినా అంత బాధ ఉండదేమో అనిపించింది ఆ పూట.

నెల తిరిగేసరికి ఆవిడ ఎప్పటిలాగే వచ్చింది. మిలమిలలు లేవు, వెలిసిపోయిన పాత చీర. వేషాలు కూడానా అని సత్యదుర్గకు ఇంకా ఒళ్లు మండింది.

“పెద్దంచు చీర ఉందాండీ?”

“ఉందండీ. మీకు మాత్రం ఇవ్వను.”

ఆవిడ తెల్లబోయింది.

“అమలాపురంలో మిమ్మల్ని చూసేనండీ. అక్కడ మా నేతని తీసిపారేసి ఫారిన్ గుడ్డ అమ్ముతారు. ఇక్కడికొచ్చి మా చీర నమూనాకి పట్టికెళ్తారు. తిన్నింటి వాసాలు లెక్కెట్టడమంటే ఇదేనండీ.”

ఆవిడ నోరు తెరిచింది. ఏమనుకుందో, మళ్లీ మూసేసింది. ఈ ఒక్కటీ ఇచ్చెయ్యండి, ఇంకెప్పుడూ మీ గుమ్మం తొక్కనని బతిమాలింది. సత్యదుర్గ ఆమె చూస్తుండగానే చీర తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఆవిడ కాసేపు మెట్లమీద నిలబడి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే శ్రీరాములు వచ్చాడు.

“పోయిందాండీ?”

సత్యదుర్గ దాచలేదు. మహాతల్లి అనుకున్న మనిషి ఫారిన్ షాపు మనిషని, మోసగత్తె అని, తరిమేశానని కడుపులో మంటంతా వెళ్లగక్కింది. ఈసారికి నూలు ఇవ్వలేనని కూడా చెప్పేసింది.

పెద్దాయన భుజం మీది ఖాళీ సంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఇన్నాళ్లూ ఆవిడ తప్ప ఇంకెవరూ కొన్లేదాండీ?”

“లేదండీ బాబాయిగారూ.”

“ఆయ్” అన్నాడు. ఖాళీ సంచి మడుచుకుని మెట్లు దిగాడు. ఆ రోజు బస్సు కోసం పరిగెత్తలేదు.

మళ్లీ రాలేదు. కబురంపినా రాలేదు. ఎవరో చేసిన మోసానికి ఈయన కడుపెందుకు మాడ్చడమని సత్యదుర్గకు మనసు పీకింది. చీర పోతే పోయింది, పోకపోతే లేదు అనుకుని నూలు మూట పట్టుకుని బండారులంక బయల్దేరింది. నేతగాళ్లు కొట్టుకు రావడమే గానీ ఆమె వాళ్ల గడప తొక్కడం అదే మొదలు.

శ్రీరాములు అరుగుమీద పడుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. లోపల మగ్గం లేదు. మగ్గం గుంట మట్టితో పూడ్చి, పైన పేడతో అలికేసి ఉంది.

“ఎందుకు పూడ్చేసేరండీ? నూలు తెచ్చేను కదండీ.”

“కట్టేవోళ్లు లేని చీర నెయ్యడం దేనికమ్మా? మగ్గం కర్రలు పొయ్యిలోకి ఇచ్చేసేను.”

సత్యదుర్గ నూలు మూట ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. కొట్టు అమ్మగారు వచ్చేరు, మంచినీళ్లు తెమ్మని ఆయన లోపలికి కేకేశాడు. తన ఆడది అమలాపురం ఆసుపత్రిలో ఆయాగా చేస్తోందని, పాపం దాని కష్టం మీదే ఇల్లు గడుస్తోందని చెప్పుకొచ్చాడు.

ఆయనకు చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతూ, నీళ్ల గ్లాసుతో గుమ్మంలోకి వచ్చిన ఆ ఇల్లాలు నెలనెలా ఆయన చీరలు కొనుక్కుపోయినావిడే.