పదికి మూడు

"పదికి మూడేంటమ్మా?"

కోడలు చెప్పులైనా విప్పకముందే అత్తగారు జవాబు కాగితం తెచ్చి ఆమె ముక్కు ముందు ఆడించింది. ఎర్ర సిరాతో సున్నా చుట్టి వేసిన ఆ మూడు అచ్చంగా కోడలి చేతిదే.

అకౌంట్స్ పరీక్షలు రాసేవాళ్లకి కోచింగ్ సెంటర్లో లా పేపరు, అంటే కంపెనీ చట్టం, చెబుతుందామె. వారానికో ప్రశ్న ఇస్తారు, క్లాసుకి రానివాళ్లకి కూడా. ఇంటి దగ్గర రాసి సెంటర్లోని డబ్బాలో వేస్తే దిద్ది ఇస్తుంది. పేర్లుండవు, నంబర్లే. మొహమాటాలు ఉండకూడదని ఆ పద్ధతి పెట్టించింది కూడా తనే. ఇప్పుడా మొహమాటం నడుముకి కొంగు బిగించి హాల్లోనే నిలబడింది.

"ఇది... మన ఇంటి కాగితమా అత్తయ్యా?"

"ఏం, ఈ ఇంట్లో నువ్వొక్కదానివేనా చదువుకున్నది? మేమూ ఆఫీసుల్లో లెక్కలు చూసేవాళ్లమే. పరీక్ష గట్టెక్కితే మాకూ ప్రమోషన్లొస్తాయి!"

అదీ నిజమే. అత్తగారు లారీల కంపెనీలో, మామగారు ఫ్యాన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో అకౌంట్స్ సెక్షన్లోనే. కానీ అత్తగారికి ఈ ఆలోచన ఉందని కోడలు కలలో కూడా అనుకోలేదు. పెళ్లయి ఆర్నెల్లు కాలేదు. ఇంతవరకు ఇద్దరి మధ్యా మాట తేడా రాలేదు. చేజేతులా అత్తగారికి మూడు మార్కులు వేసిన కోడలు లోకంలో తనొక్కతే అయ్యుంటుంది.

"చెప్పు. జవాబు తప్పా?"

కోడలు కాగితం అందుకుంది. ఒక కంపెనీ డైరెక్టరు సొంత తమ్ముణ్ణి ఆ కంపెనీకే ఆడిటర్‌గా వేశారు, ఆ నియామకం చెల్లుతుందా అన్నది ప్రశ్న.

"తప్పు కాదత్తయ్యా. చెల్లదన్నారు. నిజంగానే చెల్లదు."

"మరింకేం?"

"తీర్పు ఉంది, కారణం లేదు."

"పేజీ నిండా ఉంటే లేదంటావేంటి?"

కోడలు బిక్కుబిక్కుమంటూ చదివింది. "'సొంత తమ్ముడు అన్న తప్పు పట్టుకుంటాడా? కంచే చేను మేస్తే ఇంకేముంది? ఈ రోజుల్లో ఎక్కడ చూసినా ఇదే తంతు. సిగ్గు ఉండాలి.' ఇది తిట్టడం అత్తయ్యా. జవాబు కాదు."

సోఫాలో దినపత్రిక అడ్డం పెట్టుకుని కూర్చున్న మామగారు గొంతు సవరించుకున్నారు. "చెల్లదన్నాక ఎలా చెల్లదంటే ఏంటమ్మా? విషయం సరిగ్గానే ఉందిగా?"

కోడలు ఆశ్చర్యపోయింది. కూరలో ఉప్పు దగ్గర కూడా భార్యతో ఏకీభవించని మనిషి! ఆయన ఆవిడ పక్షాన మాట్లాడటం ఈ ఇంటికొచ్చాక ఇదే వినడం. ముచ్చటేసింది. ఆ ముచ్చటతోనే కాస్త ధైర్యం కూడా వచ్చింది. బ్యాగు పక్కన పెట్టి కుర్చీ లాక్కుంది.

"దిద్దే మనిషికి మీరెవరో తెలీదత్తయ్యా. మీ మనసులో ఉన్నది ఆయన ఊహించుకోడు. కాగితం మీద ఉన్నదానికే మార్కులు. ముందు రూలు చెప్పాలి: డైరెక్టరు బంధువు ఆ కంపెనీకి ఆడిటర్ కాకూడదు, తమ్ముడు బంధువు కిందే లెక్క. తర్వాత ఆ రూలు ఈ కథకి ఎలా అతుకుతుందో చూపించాలి. తీర్పు చివర్లో, ఒక్క వాక్యం."

"మళ్లీ చెప్పు, కాస్త గట్టిగా. ఫ్యాన్ చప్పుడులో సరిగా వినబడి చావదు."

కోడలు గొంతు పెంచి, పాఠం చెప్పినట్టు నిదానంగా మళ్లీ చెప్పింది.

"మనవాళ్లమని ఒక రెండు మార్కులు కలపకూడదూ?" అత్తగారి గొంతు మెత్తబడింది.

"కలిపితే ఆ తమ్ముడికీ నాకూ తేడా ఏముంది అత్తయ్యా?"

అన్నాక నాలిక్కరుచుకుంది. అత్తగారు ఒక్క క్షణం గుడ్లురిమి చూసింది. తర్వాత పకపకా నవ్వేసింది. సోఫాలో దినపత్రిక కూడా ఊగింది.

"అది సరే గానీ అమ్మా," పత్రిక వెనకనుంచి మామగారు, "ఆడిటర్‌గా వేసినప్పుడు ఏ సంబంధమూ లేదు. తర్వాత ఆ కంపెనీలోనే ఒక మహిళా డైరెక్టర్ని పెళ్లి చేసుకున్నాడనుకో?"

"పెళ్లయిన రోజే ఆడిటర్ పని వదులుకోవాలి మామయ్యా."

భార్య పరీక్ష మీద ఈయనకి ఎంత శ్రద్ధ! ఈ మాట రాత్రి తన భర్తకి చెప్పి తీరాలనుకుంది కోడలు.

అత్తగారు కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "సరే, విను. డైరెక్టరు బంధువు ఆడిటర్ కాకూడదన్నది రూలు. ఇక్కడ ఆడిటర్‌గా వేసిన మనిషి డైరెక్టరుకి స్వయానా తమ్ముడు. తమ్ముడు బంధువే. కాబట్టి ఈ నియామకం చెల్లదు. అంతేనా? తిట్లు అక్కర్లేదా?"

"అంతే అత్తయ్యా! తిట్లకి మార్కుల్లేవు." కోడలు ఉబ్బితబ్బిబ్బయింది. క్లాసులో నెలల తరబడి మొత్తుకున్నా ఇంత శుభ్రంగా చెప్పినవాళ్లు లేరు. "ఇప్పుడన్నది అన్నట్టు రాసివ్వండి. మీకు ఎనిమిది ఖాయం."

అత్తగారు లేచి, కోడలి చేతిలోంచి ఆ కాగితం తీసుకెళ్లి దినపత్రిక మీదుగా మామగారి ఒళ్లో పడేసింది.

"విన్నారుగా? ఇక మీ జవాబు మీరే రాసుకోండి. కోడల్ని అడగడానికి మీకు నామోషీ అయితే, మీ మూడు మార్కులు నేనెందుకు మొయ్యాలండీ!"