అయ్యగారికి అమెరికా వాచీ

"పెట్టె పారెయ్యమన్నావా?"

సంతోషకుమారి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా ఆవిడ అటు చూడలేదు.

"అవునత్తయ్యా," అంది కోడలు జెస్సీ, మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ. "పైపెట్టె తీసేసి సరుకొక్కటే పంపితే బరువు తగ్గుతుందట, ఛార్జీ తగ్గుతుందట. తీసెయ్యమంటారా అని పంపేవాళ్లు ఫోన్లో అడిగారు, అవునని నొక్కాను. మనక్కావలసింది వాచీ గానీ పెట్టె ఎందుకు?"

"ఎందుకా? పెట్టె లేకుండా చేతిలో పెడితే అది అమెరికా వాచీ అని ఫెబా నమ్ముతుందా?"

ఫెబా పేరు వచ్చాక ఆ ఇంట్లో ఇక ఎవరూ మాట్లాడరు.

చిలకలూరిపేటలో వాళ్ల సంఘం పాస్టరు అయ్యగారికి పర్చూరు బదిలీ అయింది. వీడ్కోలు కూడికలోనే స్త్రీల సమాజానికి కొత్త అధ్యక్షురాలిని కూడా ఎన్నుకోవాలి. దేవుని పనిలో పోటీలేమిటని అందరూ అంటూనే రెండు పార్టీలయ్యారు. పోయిన నెల ఒక ఆదివారం ఫెబా లేచి అయ్యగారికి సూటు కుట్టిస్తానంది. ఆవిడ ఇంకా కూర్చోకముందే సంతోషకుమారి లేచి అమెరికా నుంచి వాచీ తెప్పిస్తానంది. ఆ రోజు పలికినంత గట్టిగా ఆ సంఘం ఆమెన్ ఎన్నడూ పలకలేదు.

ఆవిడ కొన్న చోటివాళ్లు ఇండియాకు పంపరు. దానికి ఉపాయం జెస్సీ దగ్గర ఉంది. చంటిపిల్ల సామాన్లు తను తెప్పించుకునేది అలాగే. అమెరికాలో ఒక కంపెనీ తన గోడౌను అడ్రసు మనకు వాడుకోనిస్తుంది. కొన్న సరుకు అక్కడికి చేరుతుంది, వాళ్లు మళ్లీ కట్టి ఇక్కడికి పంపుతారు. ఆ అడ్రసు మాత్రం కోడల్నడిగి తీసుకుని, కొనడం సంతోషకుమారి తన ఫోన్లో తనే కొంది. దేవుడి కోసం చేసేది గుట్టుగా చెయ్యాలంది, సంఘమంతటికీ చాటి వచ్చాక.

"నా పళ్లు కట్టించమంటే డబ్బుల్లేవన్నావు. వాచీకి ఎక్కణ్ణుంచి వచ్చాయే?" అని భర్త దానయ్య పూటపూటా అడుగుతున్నాడు. జిన్నింగు మిల్లులో యంత్రాల పక్కన పనిచేసి చేసి ఆయనకు మెల్లగా మాట్లాడడం ఎప్పుడో పోయింది.

"దేవుడే సర్దుబాటు చేశాడండీ."

"నా పళ్ల సంగతి కూడా ఆయన చెవిన వెయ్యి."

ఇప్పుడు సంతోషకుమారి పొయ్యి కట్టేసింది. "పెట్టెతోనే పంపమని రాయి వాళ్లకి. ఇప్పుడే."

జెస్సీ రాసింది. జవాబు ఎంతో మర్యాదగా వచ్చింది. పెట్టె పారేశారట, ప్యాకెట్టు బయల్దేరిందట, బరువు తగ్గించగలిగినందుకు వాళ్లకు చాలా ఆనందంగా ఉందట.

ఆ పూట సంతోషకుమారి అన్నం ముట్టలేదు.

"పెట్టె కోసం పస్తుంటారటే? వాచీ వస్తోందిగా!" అన్నాడు దానయ్య.

ఆవిడ చూసిన చూపుకు ఆయన మిల్లుకు ముందుగానే వెళ్లిపోయాడు.

వీడ్కోలుకు ముందురోజు ప్యాకెట్టు వచ్చింది. ఎలా తెలిసిందో ఏమో, కొరియరతని వెనకే ఫెబా కూడా వచ్చింది.

"వందనాలక్కా! కాస్త పంచదార ఉంటుందేమోనని."

జెస్సీ కవరు కత్తిరించింది. లోపల వాచీ అద్దం తుడుచుకునే పసుపుపచ్చ గుడ్డ ముక్క ఉంది. కవరు తలకిందులు చేసి దులిపింది. ఇంకేమీ రాలలేదు.

"అయ్యో, వాచీ ఏదక్కా?" ఫెబా గొంతులో దుఃఖం ఉంది గానీ మొహం దానికి సహకరించలేదు.

"కొట్టేశారు దొంగ సచ్చినోళ్లు!" దానయ్య అరుపుకు ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. "పెట్టె తీస్తాం తీస్తాం అని ఎందుకన్నారో ఇప్పుడు తెలిసింది!"

"నేనే నొక్కాను మావయ్యా," జెస్సీకి ఏడుపొక్కటే తక్కువ. "ఉండండి, విప్పేటప్పుడు వాళ్లు వీడియో తీస్తారు. అది పంపమంటాను. పోయిన సరుక్కి డబ్బు కూడా కట్టిస్తారు."

"వద్దు!" సంతోషకుమారి ఫోను లాక్కుంది. "ఎవర్నీ ఏమీ అడగొద్దు."

అందరూ ఆవిడ వంక చూశారు. ఒక్క పుచ్చు వంకాయ కోసం బండివాణ్ణి హైవే దాకా తరిమిన మనిషి.

"ఏ పేదవాడో, ఏ అవసరం వచ్చి తీశాడో. వాడి ఉద్యోగం ఊడితే పెళ్లాంబిడ్డలు ఏం కావాలి? వాణ్ణి నేను క్షమించేశాను."

ఫెబా పంచదార మరిచిపోయి వెళ్లింది. దీపాలు పెట్టేలోగా సంగతి సంఘమంతటికీ చేరింది.

మర్నాడు అయ్యగారు రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి క్షమాపణ మీద మాట్లాడారు. ఆ వాచీ తన చేతికి ఉన్నట్టే ఉందని కళ్లు తుడుచుకున్నారు. వెనక బల్లల్లో ముక్కులు చీదిన చప్పుడు వినిపించింది. అందరూ తనవైపే చూస్తున్నారు గనక ఫెబా పోటీ నుంచి తప్పుకుంది. ఆవిడ కుట్టించిన సూటు వేసుకునే అయ్యగారు సంతోషకుమారికి శాలువా కప్పారు.

ఇంటికొచ్చాక దానయ్య బండి దిగలేదు.

"అమ్మా జెస్సీ, నీ ఫోను తీసుకురా. పోలీస్ స్టేషనుకు పోదాం."

"మళ్లీ ఎందుకండీ? క్షమించేశాంగా," అంది సంతోషకుమారి.

"క్షమించింది నువ్వు. శాలువా నీకొచ్చింది. నాకేమొచ్చింది? పళ్లు లేకుండా నేను తినలేక వదిలేసిన మాంసమంతా ఆ వాచీలో ఉంది! ఇందాక ప్రసంగం విని ఏడ్చిన ఎస్సైగారే చెప్పారు, ఇంత మంచి మనిషికి అన్యాయం జరగనివ్వను, కేసు నేనే రాస్తాను అని. వాచీ బిల్లు పట్టుకురమ్మన్నారు. తియ్యి!"

"ఎస్సైగారికి మీరు చెప్పారా?"

"నేనే కాదు, అయ్యగారూ చెప్పారు. స్టేషన్లో మన కోసం కూర్చుని ఉన్నారిద్దరూ."

సంతోషకుమారి ఆయన్ని చెయ్యిపట్టి బండి దింపి లోపలికి తీసుకొచ్చింది. కోడల్ని పిల్ల దగ్గరికి పంపింది. తలుపు వేసి గడియ పెట్టింది.

"మెల్లగా వినండి, అరవకండి," అంది.

"ఏంటే?"

"ఇక్కడి వాచీ అందులో పెట్టి ఇద్దామని, అమెరికాలో నేను కొన్నది ఖాళీ పెట్టేనండీ."