భాగహారంలో తప్పు

కంప్యూటర్ చిప్‌లో లెక్కలు చేసే కొత్త ప్రాసెసర్ కోర్ మీద చీఫ్ ఇంజనీరు అదే భాగహారం మూడోసారి చేయించాడు. మళ్ళీ తప్పు జవాబే వచ్చింది.

“ఛీ! ఇరవై ఏళ్ల కిందట పాత కోర్‌లో నేను చేసిన తప్పే ఇది. అతుకులు చాలు, మొదటినుంచీ కడదామని అందరితో పోట్లాడింది దీన్ని వదిలించుకోడానికే కదమ్మా!”

“మొదటినుంచే కట్టాం సార్,” అంది పక్కనే ఉన్న చిప్ డిజైనర్. “కానీ పాత ప్రోగ్రాములన్నీ ఈ తప్పుకి అలవాటు పడిపోయాయి. సరిదిద్దితే ఒక్కటీ నడవట్లేదు. అందుకని తప్పుని కూడా కొత్తగా కట్టాం. అచ్చం మీ తప్పులాగే రావడానికి ముగ్గురం మూడు నెలలు కష్టపడ్డాం.”

ఆయన తెర మీది అంకెను చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

“మూడు నెలలా! నేను బస్సు దొరకదన్న కంగారులో పది నిమిషాల్లో చేశానమ్మా.”