నడికుంటలో కమిటీ

పెరట్లోని ఎనిమిది బాతులు కలిసి, అందరినీ కలుపుకుపోయే కమిటీ ఒకటి వేసి, ఒక కోడిని చేర్చుకున్నాయి.

“పదకొండు శాతం బయటివాళ్లే!” అని అధ్యక్ష బాతు మురిసిపోయింది.

సమావేశం కుంట నడిమధ్యలో పెట్టాయి. ఇకపై నూకలు నీళ్లలోనే చల్లించాలన్నది తీర్మానం.

“మరి నేనేం తినాలి?” గట్టు మీంచి కోడి అరిచింది.

“సభలోకొచ్చి మాట్లాడాలి వదినా!”

“నాకు ఈత రాదే తల్లీ!”

“అయితే గైర్హాజరు. తీర్మానం ఏకగ్రీవం!”

కోడి విసవిసా వెళ్లి తన గంప పక్కన నిలబడింది. గంపలో ఉన్నవి బాతుల గుడ్లు. పొదిగే ఓపిక బాతులకు లేదు, ఆ పని ఎప్పుడూ కోడిదే.

“గుడ్లు చల్లారిపోతాయి వదినా, కూర్చో!” బాతులు గట్టెక్కి పరుగెత్తుకొచ్చాయి.

“కమిటీ ఇక్కడ కూర్చుంటే నేనూ కూర్చుంటా.”

ఎనిమిది బాతులూ గంప చుట్టూ బుద్ధిగా చతికిలబడ్డాయి.

“మొదటి అంశం, నూకలు,” అంటూ కోడి గుడ్ల మీద సర్దుకుంది.