అరికాళ్లు

“మనిషి హక్కుల్ని కాపాడ్డానికే సర్కారుంది,” అని ప్రసంగం ముగించి, పవిత్ర గురువారం ఆచారం ప్రకారం పన్నెండుమంది కాళ్లు కడగడానికి వంగారు నర్సీపట్నం ఫాదర్.

కానిస్టేబుల్ జోజిరాజు కాళ్లు కడగడం అయింది. పక్కనే కూలీ ఇన్నాసి. అతని అరికాళ్లు కమిలి, వాచిపోయి ఉన్నాయి.

“ఏటైంది ఇన్నాసీ?” అడిగారు ఫాదర్.

“కొండదారిలో రాళ్లు గుచ్చుకున్నాయండి ఫాదర్.”

ఇన్నాసి జోజిరాజు వైపు చూడనైనా లేదు. మొన్న స్టేషన్లో ఆ అరికాళ్ల మీద లాఠీతో బాదింది జోజిరాజే. అతనికి ప్రాణం చివుక్కుమంది. గబుక్కున లేచి, ఫాదర్ చేతిలోని తువ్వాలు అందుకుని, ఇన్నాసి ముందు మోకరిల్లి ఆ పాదాలు పట్టుకున్నాడు.

ఇన్నాసి చప్పున కాళ్లు ముడుచుకున్నాడు.

“బాబ్బాబూ, అన్నలు ఎటెల్లారో నాకు నిజంగా తెల్దు బాబూ!”